కారిబ్ సరస్సులో మేఫ్లై రోజులు: ఫ్లై అచ్చం పురుగులా ఉండాలా, అక్కర్లేదా?

గాల్వే గాలం

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఐర్లండ్‌లోని గాల్వేలో ఉంటున్నా, ఫ్లై ఫిషింగ్‌కి (గాలానికి ఈకలూ దారాలూ చుట్టి కట్టిన ‘ఫ్లై’తో చేపలు పట్టడానికి) మాత్రం కొత్త. మే మూడో వారంలో ఊటరార్డ్ దగ్గర కారిబ్‌లో మూడు రోజులు ట్రౌట్ చేపల కోసం పడవ ఎక్కాను. మొదటి రోజు పదకొండు దాటగానే నీళ్లలోంచి మేఫ్లైలు లేచాయి. తొలకరి పడ్డ సాయంత్రం మన వీధి దీపం చుట్టూ ఉసిళ్లు ముసురుతాయి చూడండి, అలా. టోపీ మీద, పడవ అంచు మీద, ఆఖరికి ఫ్లాస్కు మూతలో పోసుకున్న టీలో కూడా అవే. చుట్టూ చేపలు బుడుంగు బుడుంగుమని లేస్తున్నాయి.

నా దగ్గర ఉన్నవి అచ్చం మేఫ్లైలా కట్టిన ఫ్లైలు. మూడు తోకలు, రెక్కల మీద ఈనెలు కూడా గీసి ఉంటాయి. ఒక్కోటీ నాలుగు యూరోలు. షాపులో ‘ఇది వేస్తే చాలు’ అన్నారు. మూడు రోజుల్లో ఒక్క చేప కూడా వాటి మొహం చూడలేదు. పడవలో అటు చివర కూర్చున్న ఐరిష్ పెద్దాయన మాత్రం ఏ పురుగునీ పోలని బొచ్చు ముద్ద ఒకటి కట్టి, రెండో రోజే మూడు పట్టాడు. దాని పేరు గోల్డెన్ ఆలివ్ బంబుల్ అట.

నా ప్రశ్న ఒక్కటే. మేఫ్లైలు లేస్తున్నప్పుడు మనం వేసే ఫ్లై వాటిని పోలి ఉండాలా, అక్కర్లేదా?

పాతపడవ

అక్కర్లేదు. తమ్ముడూ, చిన్న లెక్క చూడు. నీ పడవ చుట్టూ నీటి మీద వెయ్యి నిజం పురుగులున్నాయనుకో. నువ్వు అచ్చం వాటిలాంటిదే వేస్తే అది వెయ్యిన్నొకటోది. చేప దాన్నే ఎందుకు ఎంచుకోవాలి? జాతరలో అందరిలాంటి చొక్కా వేసుకుని తప్పిపోయిన పిల్లాణ్ణి వెతికినట్టు ఉంటుంది. నీది కాస్త వేరుగా కనపడాలి, కదలాలి.

ఆ బంబుల్‌ని మొదట కట్టినాయన కింగ్స్‌మిల్ మూర్, ఒకప్పటి ఐర్లండ్ సుప్రీంకోర్టు జడ్జి. ఫ్లై ఒంటి పొడుగునా కోడి ఈకను చుట్టి కడతారు. అలలో ఆ పోగుల మధ్య నుంచి వెలుతురు దూరి, ప్రాణమున్నట్టు మెరుస్తుంది. ఇంకో ఫ్లై ఉంది, గాస్లింగ్. డొనెగల్ జిల్లా బాలీషానన్‌లో పుట్టింది, మేఫ్లై రోజుల్లో సగం పడవల్లో అదే కనపడుతుంది. దాని మెడ దగ్గర నిప్పులాంటి నారింజ రంగు ఈక ఉంటుంది. అసలు మేఫ్లైలో నారింజ రంగు ఎక్కడుంది? ఎక్కడా లేదు. అయినా చేప వస్తుంది. దీనికేమంటారు?

ఫ్లై కన్నా ముందు గాలి చూసుకో. కారిబ్‌లో మాకు కావలసింది మంచి అల. పడవని గాలికి అడ్డంగా వదిలి, ముందుకి చిన్న దూరం విసిరి, ఒకే దారానికి కట్టిన మూడు ఫ్లైల్లో పైదాన్ని అల నెత్తిన గీసుకుంటూ వెనక్కి తేవాలి. పట్టేది ఆ గీతే. అల కావాలన్నానని లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కేవు, చిన్న పడవలో అది వేసుకోవడం ఇక్కడ చట్టం కూడా.

ఈకలూ దారాలూ

పాతపడవ గారూ, లెక్క బాగుంది కానీ మీరు మేఫ్లై అంటే ఒకటే వస్తువు అనుకుని వేశారు. నేను పన్నెండేళ్లుగా ఇంట్లో ఫ్లైలు కడుతున్నాను. నాకు తెలిసినంతలో చేపకి అది నాలుగు రకాల తిండి.

పిల్లపురుగు సరస్సు అడుగున మెత్తటి మట్టిలో బొరియ చేసుకుని దాదాపు రెండేళ్లు ఉంటుంది. వేళయ్యాక పైకి ఈదుతుంది. నీటి పైపొరకి తగులుకుని, పొట్టు విడిపించుకోవడానికి గిలగిలా కొట్టుకుంటుంది. దీన్నే ఎమర్జర్ అంటాం. బయటపడ్డాక పచ్చటి రెక్కలు నిలువుగా పెట్టుకుని తెరచాప పడవలా కాసేపు తేలుతుంది, అది గ్రీన్ డ్రేక్. ఎగిరి ఒడ్డున చెట్లలోకి పోయి అక్కడ ఇంకోసారి పొట్టు విడుస్తుంది. పనిచేసే రెక్కలొచ్చాక మళ్లీ పొట్టు విడిచే పురుగులు ఇప్పుడు లోకంలో ఈ జాతివే. ఇక తిండి ఉండదు, నోరు పనిచేయదు. జతకట్టాక ఆడవి నీటి మీదకి తిరిగొచ్చి గుడ్లు వదిలి, రెక్కలు రెండు పక్కలా చాపుకుని పడిపోతాయి. అది స్పెంట్ నాట్.

గాల్వే గాలం గారూ, మీరు కొన్నది మూడోదాని బొమ్మ. మీ చుట్టూ చేపలు తిన్నది బహుశా రెండోదాన్ని. ఈసారి విసరడం ఆపి, తేలుతున్న ఒక్క పురుగునే రెండు నిమిషాలు చూడండి. అలాంటి పది సుఖంగా తేలిపోయి ఎగిరిపోతున్నాయి, పక్కనే చేపలు మాత్రం వీపు చూపిస్తూ దొర్లుతున్నాయి అంటే అవి తినేది పైన కాదు, పొర కింద. అప్పుడు మీ రెక్కల మీద ఈనెలెన్ని ఉన్నా ఒకటే. గాస్లింగ్‌ని, బంబుల్‌ని చేప పట్టేదీ అందుకే. అవి తడిసి, పొర కింద కాళ్లు కొట్టుకునే పురుగులా కనిపిస్తాయి. అంటే పోలిక ఉన్నట్టా, లేనట్టా?

పాతపడవ

అక్కా, అలా అయితే ఏ ఫ్లై పట్టినా ‘అది పోలికే’ అనొచ్చు. మరి నారింజ రంగు సంగతి?

ఈకలూ దారాలూ

దానికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నా. నేనూ కడతాను గాస్లింగ్, నారింజ ఈకతోనే.

షీలిన్ సాయంత్రం

మీ ఇద్దరిదీ పగటి గొడవ. కావన్, మీత్, వెస్ట్‌మీత్ జిల్లాలు కలిసే చోట షీలిన్ సరస్సు ఉంది. అక్కడికి ఒక్క సాయంత్రం రండి. గాలి పడిపోయి నీరు అద్దంలా ఉంటుంది. మగ పురుగులు చెట్ల చాటున పైకీ కిందకీ ఊగుతూ ఆడుతుంటాయి. తర్వాత ఆడవి నీటి మీద పడతాయి. అప్పుడు పెద్ద ట్రౌట్లు అల్లరి చేయవు. పొర కిందే మెల్లగా వరసలో ఈదుతూ, ఒక్కో చచ్చిన పురుగునీ ముద్దు పెట్టుకున్నట్టు లోపలికి పీల్చుకుంటూ పోతాయి. ఆ నీటిలో మీ బంబుల్ గీత గీసిందంటే చుట్టుపక్కల చేపలన్నీ ఖాళీ.

ఇక్కడ ఆకారం కావాలి. రెక్కలు పక్కకి చాచి, ఒళ్లు పొరలో పడుకున్న స్పెంట్ ఫ్లై. చేప ఎటు పోతోందో చూసి రెండు గజాలు ముందు వేసి ఊపిరి బిగబట్టి ఉండటమే. లాగకూడదు. వెయ్యిన్నొకటోది అన్నారు గదా పాతపడవ గారు, ఇక్కడ చేప ఒక దారిన పోతూ దారిలో ఉన్న ప్రతిదాన్నీ చూసుకుంటూ తింటుంది. దారిలో పెట్టగలిగితే లెక్క మారిపోతుంది.

శ్రీకాకుళం టు స్లైగో

ఇంత తగవు దేనికి? నిజం పురుగునే పెట్టండి. యారో (Arrow) అనే సరస్సు దగ్గర నేను నేర్చుకున్నది డాపింగ్. పదిహేను అడుగుల గడ, తేలికైన పట్టుపోగు లాంటి దారం, గాలానికి రెండు బతికున్న మేఫ్లైలు. విసరడం లేదు, గాలే దారాన్ని ముందుకి మోస్తుంది. గాలిపటం ఎగరేసిన చెయ్యి ఉంటే గంటలో వస్తుంది. కష్టమంతా చేప పట్టినప్పుడే. వెంటనే లాగితే నోట్లోంచి ఊడొస్తుంది. గడ కాస్త దించి, రెండు క్షణాలు ఆగి అప్పుడు ఎత్తాలి. నాకు ఆ రెండు క్షణాలు రావడానికి రెండు సీజన్లు పట్టింది.

పాతపడవ

అది ఎర వేసి పట్టడం. ఇక్కడ అడిగింది ఫ్లై గురించి.

శ్రీకాకుళం టు స్లైగో

గాలం మీద ఉన్నది నిజంగా ఫ్లై. మీది ఈకల ముద్ద. ఎవరిది ఫ్లై ఫిషింగో మీరే చెప్పండి 😀

కోనసీమ కాలువ

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకు ట్రౌట్ తెలీదు. మా కాలువలో కొర్రమేనుకి కప్పపిల్లని గాలానికి కట్టి నాచు మీద టపటపా ఆడిస్తాం. కప్ప ఏ రంగని కొర్రమేను ఎప్పుడూ అడగలేదు, ఆడటం ఆపితే మాత్రం రాదు. అందుకని నా ఓటు పాతపడవ గారికి. ఒక డౌటు: ఇంత కష్టపడి పట్టి వదిలేస్తారని విన్నాను, నిజమేనా?

షీలిన్ సాయంత్రం

కొర్రమేను మాటేసి మీద పడుతుంది, ఆలోచించదు. వరసగా పురుగులు తింటున్న ట్రౌట్ వేరే జాతి మనిషి. చాలామంది వదిలేస్తాం, నిజమే. ఉంచుకునేవాళ్లకి కొలత ఉంది, కారిబ్‌లో 33 సెంటీమీటర్ల లోపు చేపని ఉంచుకోకూడదు.

గాల్వే గాలం

అందరికీ థాంక్స్. నిన్న శనివారం మళ్లీ వెళ్లాను, జరిగింది చెప్తా.

పొద్దున మంచి అల. పాతపడవ అన్న చెప్పినట్టు పైన బంబుల్, మధ్యలో గాస్లింగ్, చివర ఇంకోటి కట్టాను. రెండు సార్లు చేప వెనకే వచ్చి తిరిగిపోయింది. మధ్యాహ్నం గాలి తగ్గింది. అక్క చెప్పినట్టు కూర్చుని చూశాను. నిజంగానే తేలుతున్నవాటిని ఏదీ ముట్టడం లేదు, పక్కన వీపులు దొర్లుతున్నాయి. ఎమర్జర్లు నా దగ్గర లేవు. సరే, పెట్టిన డబ్బులు వృథా కాకూడదని ఆ నాలుగు యూరోల ఫ్లైనే మళ్లీ కట్టాను. అప్పటికే నలిగి, తోక ఒకటి ఊడి, రెక్క పక్కకి వాలి ఉంది. తేలకుండా సగం మునిగింది. ఇక లాభం లేదని దారం చుట్టుకుంటుంటే, పడవకి మూడు గజాల దూరంలో పట్టేసింది! నా మొదటి కారిబ్ ట్రౌట్.

ఈకలూ దారాలూ

శుభాకాంక్షలు! సగం మునిగి, రెక్క వాలి, పొరలో ఇరుక్కున్న పురుగు. దాన్నే ఎమర్జర్ అంటారు. నేను చెప్పిందే జరిగింది.

పాతపడవ

శుభాకాంక్షలు తమ్ముడూ. తేలుతున్నంతసేపూ రాలేదు, లాగుతుంటే వచ్చింది. కదలిక. నేను చెప్పిందే జరిగింది.

కోనసీమ కాలువ

ఇంతకీ పులుసు పెట్టారా?

గాల్వే గాలం

31 సెంటీమీటర్లు అండి. వదిలేశా.