తెర మీద హీరో, గొంతు ఎవరిది?

ప్రశ్న: మాది విజయనగరం. పెళ్లిళ్లకి, పైడితల్లి జాతరకి ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తాను. రాత్రి ‘ఎడ్డీ అండ్ ది క్రూజర్స్’ అనే హాలీవుడ్ సినిమా చూశాను. హీరో మైకేల్ పారే పాడినట్టు పెదవులు కదుపుతాడు గానీ, ఆ గొంతు అతనిది కాదని అనుమానం.

జవాబు: అనుమానం కరెక్టే. పాడింది జాన్ కాఫర్టీ. బీవర్ బ్రౌన్ అని, అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో బార్లలో వాయించే బ్యాండ్ వాళ్లది. 1983లో ఈ సినిమా హాళ్లలో ఫ్లాప్ అయింది. మరుసటి ఏడు హెచ్‌బీఓ టీవీ ఛానల్లో వేస్తే అందులోని ‘ఆన్ ది డార్క్ సైడ్’ పాట అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్‌లో 7వ స్థానానికి ఎక్కింది! అచ్చం అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌లా ఉందన్న మాట మాత్రం వాళ్లని వదల్లేదు.

ఇంకో జవాబు (శ్రీకాకుళం): శాక్సోఫోన్ వాయించే మైకేల్ ఆంట్యూన్స్‌ని గమనించారా? బీవర్ బ్రౌన్ బ్యాండ్‌లోంచి తెర మీద కనిపించేది అతనొక్కడే.

అడిగినవారు: అదృష్టవంతుడు. మేమూ ఒక చిన్న సినిమాకి రాత్రంతా వాయించాం. పేమెంట్ సగమే వచ్చింది. టైటిల్స్‌లో పేరు కోసం మా అమ్మ హాల్లో కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకుని చూసింది. లేదు. డప్పు వాయించిన మా మావయ్య అయితే ఆ పాట వస్తే ఇప్పటికీ టీవీ కట్టేస్తాడు.