పింఛను తీసుకునేవాళ్ళ చేత ఊరి పని చేయించవచ్చా?

గరపనేల (కనిగిరి), మే 2025
మా ఊళ్ళో ఒక మాట గట్టిగా నడస్తా ఉంది. పింఛను తీసుకునేవాళ్ళు వారానికి రెండు రోజులు కాలవలు తీయాల, రోడ్లు ఊడవాల, రాకపోతే పేరు కొట్టేయాల అని. పంచాయతీ తీర్మానం చేస్తే చెల్లుద్దా? ఇంకోటి, ఉపాధి హామీ పనికి ఈ ఏడు (2025-26) రోజు కూలి 307 అంటారు, చేతికి 245 పడతా ఉంది. ఎందుకు?

కాలవగట్టు (జవాబు)
చెల్లదు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. రాజస్థాన్ కరువు పనుల మీద వచ్చిన సంజిత్ రాయ్ కేసులో (1983) కనీస వేతనం కంటే తక్కువిచ్చినా వెట్టేనని సుప్రీంకోర్టు తేల్చింది. ఇక్కడ అసలు కూలే లేదు. వృద్ధాప్య పింఛను 4,000 ఇచ్చేది 60 దాటిన వాళ్ళకి, వాళ్ళ చేతికి పార ఇస్తారా? ఊడ్చేది పారిశుధ్య కార్మికుల పని. ఊరికే చేసేవాళ్ళు దొరికితే ముందు పోయేది వాళ్ళ జీతమే. 1877 కరువులో మన తీరం వెంట బకింగ్‌హాం కాలవ తవ్వించిన రోజుల్లో కరువు పనుల మీద సర్కారు పంపిన టెంపుల్ దొర కూలి తగ్గించి, మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా అని కోత పెట్టాడు. మనుషులు ఎండిపోతున్నారని శానిటరీ కమిషనర్ (ఆరోగ్య అధికారి) కార్నిష్ పట్టుబడితే గానీ పెంచలేదు.

కొలతల పుస్తకం (కూలి మీద జవాబు)
307 కొలత సరిపోతేనే వస్తుంది. కూలీల సంఘం తవ్విన మట్టికి వచ్చిన డబ్బుని హాజరీల మీద పంచుతారు. పదిమంది, ఆరు రోజులు, మస్టర్లో (హాజరు పట్టీలో) 60 హాజరీలు. వాళ్ళలో ఇద్దరు అసలు రాకుండానే హాజరు పడిందనుకోండి, మట్టి 48 హాజరీలదే, 14,736 రూపాయలు. 60తో భాగిస్తే తలకి 245.60. మీ లెక్క అక్కడే తేడా కొట్టిందేమో, ముందు మస్టరు చూడండి.
గట్టి గరపని మెత్తమట్టిగా రాసినా రేటు పడిపోతుంది. తవ్వకముందే టెక్నికల్ అసిస్టెంట్‌కి (పని కొలిచే ఉద్యోగికి) నేల చూపించి అంచనాలో రాయించండి. కొలత అయ్యేదాకా గుంట మధ్యలో ఒక దిబ్బ తవ్వకుండా వదలండి, వానకి గట్టు జారినా అసలు లోతు తెలుస్తుంది.

గరపనేల
మరి కాలవ, రోడ్డు పనులు ఉపాధిలోనే పెట్టిస్తే?

కాలవగట్టు
ఊడవడం కుదరదు. గడ్డి పీకడం, రాళ్ళు ఏరడం లాంటి కొలతకందని పనులు పెట్టకూడదని ఉపాధి హామీ చట్టం షెడ్యూల్లోనే ఉంది. చేయగలిగినవాళ్ళ చేత కనీసం 14 రోజుల పనికి అర్జీ పెట్టించి, తేదీ వేసిన రశీదు తీసుకోండి. 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాల, మొదటి 30 రోజులు కూలిలో నాలుగో వంతుకి తగ్గకుండా, అంటే 76.75. రశీదు మీద తేదీ లేకపోతే ఆ 15 రోజులు ఎప్పటినుంచని ఎవరూ లెక్కగట్టరు.