మిగిలిన టేకు ఫ్లోరింగ్ పలకలతో లోపలి మెట్లకు చెక్కలు చేయించుకోవచ్చా?

ప్రశ్న (తిరుపతి, బైరాగిపట్టెడ)

అందరికీ నమస్కారం. మేము కట్టుకుంటున్న డూప్లెక్స్ ఇంట్లో పై అంతస్తు మొత్తానికి 12 మి.మీ. ప్లైవుడ్ వేసి, దానిమీద 18 మి.మీ. మందం గల టేకు పలకలు పరిపించాము. ఆ పని ముగిశాక నాలుగు అడుగుల పొడవు, 120 మి.మీ. వెడల్పు ఉన్న పలకలు 38 మిగిలాయి. ఒక అంచున నాలుక, మరో అంచున గాడి ఉన్న రకం ఇవి. పాలిష్ ఇంకా పడలేదు. కిందినుంచి పైకి వెళ్లే కాంక్రీటు మెట్లకు గ్రానైట్ వేయించాలని మొదట అనుకున్నాము గానీ, ఇంత మంచి టేకును మూల పడేయడం మనసొప్పక, దానినే మెట్లకు వాడితే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నాము.

మెట్లు 17 ఉన్నాయి. పొడవు 900 మి.మీ., అడుగు పెట్టే చోటు 250 మి.మీ., ఒక్కో మెట్టు ఎత్తు 165 మి.మీ.; ఒక పక్క గోడ, మరో పక్క రెయిలింగ్. కింది హాలులో టైల్స్ వేసేశారు, దానితో నేల 45 మి.మీ. లేచింది. 18 మి.మీ. పలక మెట్టుకు చాలదని, రెండు పొరలు అతికించాలని మేస్త్రీ అంటున్నారు. అలా చేస్తే పలకలు సగం మెట్లకు కూడా రావు. వడ్రంగి మాత్రం ఒక్క పొర చాలు, కాంక్రీటులోకి నేరుగా స్టీలు మొలలు దించేస్తానంటున్నారు. మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నందున కాలు జారుతుందేమోనన్న భయం కూడా ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు (చిత్తూరు, వడ్రంగం పనిలో ఉన్నాను)

పలకల సంగతికి ముందు మెట్ల ఎత్తు సంగతి చూసుకోండి. ఇలాంటి పనుల్లో చాలామంది పట్టించుకోనిది అదే. చెక్క, జిగురు కలిపి ప్రతి మెట్టూ 20 మి.మీ. లేస్తుందనుకుందాం. కింద టైల్స్ 45 మి.మీ. మింగేశాయి కనుక మొదటి మెట్టు ఎత్తు 140కి పడిపోతుంది. మధ్యలోవన్నీ 165 దగ్గరే ఉంటాయి. పై అంతస్తు నేల 30 మి.మీ. లేచింది కనుక ఆఖరి ఎక్కు 175 అవుతుంది. మెట్లు ఎక్కేవారి కాలు ఒకటి రెండు అడుగుల్లోనే ఎత్తును పట్టేస్తుంది, ఆ తర్వాత కళ్లు కిందికి చూడవు. తేడా వచ్చిన చోటనే తూలుతారు. అమెరికా ఇళ్ల నిబంధనల్లో ఒకే మెట్ల వరుసలో పెద్ద ఎత్తుకూ చిన్న ఎత్తుకూ మధ్య తేడా 9.5 మి.మీ. దాటకూడదని ఉంది, మీకు 35 వస్తోంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ రోజూ ఎక్కి దిగే మెట్లకు ఇది అసలు పనికిరాదు.

17 మెట్లు, ఆఖరి మెట్టు నుంచి పై నేలకు ఇంకొకటి కలిపి ఎక్కులు 18. 165 చొప్పున 2,970; అందులో కింది 45 తీసేసి పై 30 కలిపితే ఇప్పుడున్న నేల నుంచి పై నేలకు మొత్తం 2,955 మి.మీ. దానిని 18 ఎక్కులకు పంచితే ఒక్కోటి 164 చిల్లర వస్తుంది. ఆ లెక్కన మొదటి మెట్టు కింద 24 మి.మీ. ఎత్తు పెంచి, పైకి పోయేకొద్దీ తగ్గించుకుంటూ 17వ మెట్టు దగ్గర 11 మి.మీ.కి దించాలి. గోడ మీద సుద్దతో ప్రతి మెట్టు పై మట్టం గీసుకున్నాకే సిమెంటు పని మొదలుపెట్టించండి.

ఇక మందం. కింద కాంక్రీటు అంతటా ఆనుకుని ఉన్నప్పుడు 18 మి.మీ. పలక ధారాళంగా సరిపోతుంది. ఇనుప ఫ్రేము మీద గాలిలో నిలిచే మెట్లయితే మేస్త్రీగారి మాట నిజమయ్యేది. మందం కావలసింది ముందుకు పొడుచుకొచ్చే అంచుకు మాత్రమే. అంచు 25 మి.మీ. బయటికి రావాలంటే మెట్టు చెక్క మొత్తం 275 మి.మీ. ఉండాలి. పలకలతోనే పూర్తి చేయాలంటే మెట్టుకు మూడు చొప్పున 51 కావాలి, మీ దగ్గర అన్ని లేవు. రెండు పలకలు జతచేసి, ముందు 38 మి.మీ. వెడల్పు, 36 మి.మీ. మందం ఉన్న గట్టి టేకు నోసింగ్ పట్టీ (మెట్టు ముందు అంచుకు వేసే పట్టీ) పెట్టించండి: 240కి 38 కలిపితే 278. పలకలు 34తో పని అయిపోతుంది, నాలుగు చేతిలో మిగులుతాయి. పలక నాలుక ముందువైపు ఉండేలా పెట్టి, నోసింగ్ పట్టీలో దానికి సరిపడా గాడి తీయిస్తే రెండూ ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. పట్టీ వెనక అంచులో 10 మి.మీ. మేర అడుగువైపు చెక్కను తీసేస్తే అది కాంక్రీటు అంచు మీద ఎక్కి కూర్చుని, మిగతాది ముందుకు వేలాడుతుంది.

టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురును సరిగా పట్టనివ్వదు. అతికించే ముందు అంచులను అసిటోన్‌తో తుడిచి, ఆరిన వెంటనే నీటికి తట్టుకునే రకం ఫెవికాల్ రాసి, క్లాంపులతో బిగించి మర్నాటి దాకా కదపకండి.

జవాబు (తిరుపతి, సివిల్ ఇంజినీరును)

పై లెక్క సరిగ్గా ఉంది. జాతీయ భవన నియమావళి ప్రకారం ఇంటి లోపలి మెట్లకు నోసింగ్ కాకుండా అడుగు పెట్టే చోటు కనీసం 250 మి.మీ., గరిష్ఠంగా 190 మి.మీ. ఎత్తు ఉండాలి, మీ మెట్లు ఆ హద్దుల్లోనే ఉన్నాయి. మొలలు మాత్రం వద్దు. స్టీలు మొల దించితే కాంక్రీటు మెట్టు అంచు పెచ్చులూడుతుంది, టేకు చీలుతుంది. అప్పటికి బాగానే ఉన్నా, కొన్నాళ్లకు మొల వదులై మెట్టు కిర్రుమంటుంది.

చెక్క కదలికను కూడా లెక్కలోకి తీసుకోండి. తిరుపతిలో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటి గాలి పొడిబారుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ ఉంటుంది. ఆ తేడాకు 278 మి.మీ. చెక్క అడ్డంగా దాదాపు 2 మి.మీ. పెరిగి తగ్గుతుంది, పొడవులో మార్పు లెక్కలోకి రాదు. అందుచేత చెక్క వెనక, పై మెట్టు నిలువు భాగం దగ్గర 3 మి.మీ. ఖాళీ వదలండి. నిలువు భాగాన్ని కప్పే పలకను మెట్టు చెక్క మీద కూర్చోబెడితే ఆ సందు కనబడదు. కాంక్రీటు మీద ఫెవికాల్ పనిచేయదు, సాగే గుణమున్న పాలీయురేథేన్ ఫ్లోరింగ్ జిగురును పళ్ల కరణీతో పరిపించాలి.

కొత్తగా వేసిన సిమెంటు ఆరకుండా తొందరపడకండి. ఒకటిన్నర అడుగుల చదరపు పాలిథిన్ షీటును నాలుగు వైపులా టేపు వేసి 16 గంటలు ఉంచండి. తీసినప్పుడు లోపల చెమ్మ పట్టినా, సిమెంటు రంగు నల్లబడినా ఇంకా ఆగాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎత్తుల విషయం మా ఆలోచనలోనే లేదు. రెండు సందేహాలు మిగిలాయి. పై అంతస్తులో వేసినట్టే మెట్లకు కూడా కింద 12 మి.మీ. ప్లైవుడ్ వేస్తే సిమెంటు పని తగ్గదా? రెయిలింగ్ వైపు పలకల కొసలు, వాటి గాడులు బయటికి కనిపిస్తాయి కదా, వాటినేం చేయాలి?

జవాబు (చిత్తూరు, వడ్రంగం పనిలో ఉన్నాను)

ప్లైవుడ్ ఆలోచన నాకు నచ్చింది. 24 నుంచి 11 దాకా పెంచాల్సిన చోట 12 మి.మీ. ప్లైవుడే ఇచ్చేస్తుంది కనుక మొదటి మెట్టు దగ్గర 12 మి.మీ. సిమెంటు వేసి, ఆఖరి మెట్టుకు వచ్చేసరికి ఏమీ లేకుండా చేయవచ్చు. అంత సన్నని పొరలో మామూలు సిమెంటు ఇసుక నిలవదు, పెచ్చులుగా లేస్తుంది; పాలిమర్ కలిపిన మరమ్మతు మోర్టార్ తెప్పించండి. ప్లైవుడ్ ఐఎస్ 710 ముద్ర (నీటికి తట్టుకునే మెరైన్ రకానికి వేసే ప్రమాణ ముద్ర) ఉన్నదే తీసుకుని, కాంక్రీటుకు ప్లగ్గులు పెట్టి స్క్రూలతో బిగించాలి. దానిమీద మెట్టు చెక్కకు ఇంజినీరుగారు చెప్పిన సాగే జిగురే వాడండి. నోసింగ్ పట్టీ 36 మి.మీ. ఉంది కనుక ముందునుంచి చూస్తే ప్లైవుడ్ అంచు కనపడదు.

కొసలకు 20 మి.మీ. టేకు పట్టీ వేసి, నోసింగ్‌తో మూల కోతలో కలపాలి. ఈ పట్టీ నార పొడవునా, మెట్టు నార అడ్డంగా ఉంటాయి. పొడవంతా జిగురు రాస్తే ఏదో ఒకటి చీలుతుంది. ముందువైపు రెండంగుళాలకే జిగురు రాసి, వెనక కొసను ఒక సన్న మొలతో పట్టించి వదిలేయండి. రెయిలింగ్ కాళ్లు పాతే చోట్లు ముందే గుర్తుపెట్టుకోండి, పాలిష్ అయ్యాక తొలిచిన రంధ్రం చుట్టూ పెచ్చు లేస్తుంది.

జవాబు (తిరుచానూరు, ఇలాంటి మెట్లే ఉన్న ఇంటివాళ్లం)

జారుడు గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. తళతళలాడే పాలిష్ వద్దని గట్టిగా చెప్పండి, పాలిష్ వేసేవారు అడగకుండానే మెరుపు పెంచేస్తారు. మెరుపు లేని పీయూ (పాలీయురేథేన్) పాలిష్ చాలు. నోసింగ్ అంచుకు 30 మి.మీ. వెనకగా 3 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. లోతు గీతలు రెండు రౌటర్‌తో (చెక్కలో గాడి తీసే మిషన్) పాలిష్‌కు ముందే తీయిస్తే కాలి వేళ్లకు పట్టు దొరుకుతుంది. మా అత్తగారు చీకట్లో కూడా ఆ గీతల ఆనవాలుతోనే దిగుతారు. ఆ గీతల్లో దుమ్ము చేరుతుంది, పాత టూత్ బ్రష్‌తో తీసుకోవాలి. శుక్రవారం ఇల్లు కడిగే అలవాటుంటే నీళ్ల బకెట్ మెట్ల మొదట్లోనే ఆగిపోవాలని పనిమనిషికి ముందే చెప్పండి, పిండిన తడిగుడ్డతో తుడిస్తే చాలు. పాలిష్ అయిన ఇంట్లోకి అమ్మగారిని వెంటనే తీసుకురాకండి. వాసన పోయి, పూత గట్టిపడడానికి వారమైనా ఆగండి.