అప్‌డేట్: మీటింగ్ మొదలవగానే హెడ్‌సెట్ శబ్దం పాడయ్యే సమస్య తీరింది

పాటలకు చక్కగా పలికే నా బ్లూటూత్ హెడ్‌సెట్, ల్యాప్‌టాప్‌లో వీడియో మీటింగ్ మొదలుకాగానే పాతకాలపు టెలిఫోనులా గొంతు మార్చుకుంటోందని పోయిన వారం అడిగాను. హెడ్‌సెట్ చెడిపోలేదు. స్టీరియో శబ్దాన్ని పంపే ఏ2డీపీ అనే బ్లూటూత్ ప్రొఫైల్ (పనిచేసే పద్ధతి) ఒకవైపు మాత్రమే నడుస్తుంది కనుక, మైకు అవసరమైన మరుక్షణం కంప్యూటర్ హెచ్‌ఎఫ్‌పీకి, అంటే కాల్స్ కోసం శబ్దాన్ని రెండువైపులా నడిపే ప్రొఫైల్‌కు మారుతుంది. అందులో శబ్దం మోనో అయిపోయి, శాంప్లింగ్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క) సాధారణంగా 16 కిలోహెర్ట్జ్‌కో, పాత పరికరాలైతే 8కో పడిపోతుంది.

మీలో ఒకరు సూచించినట్లు సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్‌గా ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకున్నాను. అయినా మార్పు కనబడలేదు. గంటసేపు తల పట్టుకున్నాక, మీటింగ్ యాప్ లోపల మైకు ఎంపిక విడిగా ఉందని, అక్కడ ఇంకా హెడ్‌సెట్ పేరే ఉందని గమనించాను. దానిని మార్చగానే శబ్దం తేటపడింది. మా ఫ్యాను చప్పుడు ఇప్పుడు అవతలివారికి కాస్త వినిపిస్తోంది, అది వేరే సంగతి.

పోయిన వారం దీనితోపాటే ప్రస్తావించిన మరో సమస్య, వైర్‌లెస్ మౌస్ తడబాటు. అందుకు కారణం, మౌస్ రిసీవర్ పక్కనే యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ ఉండటం. ఆ డిస్క్ నుంచి వెలువడే రేడియో రొద, మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోనూ పడుతుంది. మూరెడు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో రిసీవర్‌ను దూరంగా పెట్టాక ఆ ఇబ్బందీ లేదు.