"మా స్కూలే మీ ఫస్ట్ ఛాయిసా?" అని మెడ్ స్కూల్ ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి?

ప్రీమెడ్_చిన్నోడు:
అందరికీ నమస్తే. ఈ అడ్మిషన్ల సీజన్‌లో అమెరికాలో ఎండీ స్కూల్స్‌కి (అక్కడ డాక్టర్ చదువు మొదటి డిగ్రీయే ఎండీ) అప్లై చేశా. మొన్న ఒక ఇంటర్వ్యూ అంతా బాగానే నడిచింది, చివర్లో ఇంటర్వ్యూ చేసినాయన "మా దగ్గరా మీ సొంత స్టేట్‌లోని గవర్నమెంట్ స్కూల్‌లోనూ రెండు చోట్లా సీటొస్తే ఎక్కడ చేరతావ్?" అని సూటిగా అడిగేశారు. ఇంకా ఆలోచిస్తున్నానండి అన్నా, ఆయన తలూపి ఏదో రాసుకున్నారు. వచ్చే వారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది, అది కూడా అవుట్ ఆఫ్ స్టేటే. మా కజిన్ ఏమో ఎవరడిగినా "మీదే ఫస్ట్" అనెయ్ అంటున్నాడు, అమ్మేమో అబద్ధం ఆడొద్దంటోంది. మీరేమంటారు?

సీటే_ముఖ్యం:
మీ కజిన్ చెప్పిందే కరెక్ట్ బ్రో. 2023లో ఎండీ స్కూల్స్‌కి 52 వేల మందికి పైగా అప్లై చేస్తే చేరింది 23 వేల లోపే. ఇంటర్వ్యూ దాకా వచ్చి "ఇంకా తేల్చుకోలేదండి" అంటే చేతికొచ్చిన సీటు చేజేతులా వదులుకున్నట్టే. వాళ్ళ వైపు నుంచి కూడా చూడు, ఒక్కొక్కడు పదిహేను స్కూల్స్ పైనే పెడుతున్నాడు, ఆఫర్ ఇస్తే వీడొస్తాడా రాడా అన్నదే వాళ్ళ టెన్షన్. వస్తాను అనే మాట కోసమే అడుగుతున్నారు, ఆ మాట చెప్పెయ్. తర్వాత ఇంకోచోట చేరితే ఎవరూ వచ్చి నిలదీయరు.

ఎమ్4_అక్క:
నేను అస్సలు ఒప్పుకోను. నేను ఫోర్త్ ఇయర్, మా స్కూల్‌లో స్టూడెంట్స్ కూడా ఇంటర్వ్యూలు చేస్తాం. "మీదే నా ఫస్ట్ ఛాయిస్" అన్నవాళ్ళని నేనడిగే నెక్స్ట్ ప్రశ్న ఒకటే, ఎందుకు అని. అక్కడే చాలామంది ఆగిపోతారు, లేదంటే రీసెర్చ్ బాగుంటుంది, డైవర్సిటీ బాగుంటుంది అని ఏ స్కూల్‌కైనా అతికే మాటలు చెప్తారు. అది విన్నాక ముందు చెప్పిన "ఫస్ట్" కూడా నమ్మబుద్ధి కాదు. పైగా నేను రాసిన నోట్ సీట్లు తేల్చే అడ్మిషన్ కమిటీకి వెళ్తుంది, ఆ మాట నాతోనే ఆగిపోదు.

ఇంకో సంగతి తమ్ముడూ, నిజంగా ఒకే స్కూల్ ఫస్ట్ అనుకునేవాళ్ళ కోసం ఎర్లీ డెసిషన్ అని వేరే దారి ఉంది, ఆగస్ట్ 1 లోపు ఒక్క స్కూల్‌కే పెడతావ్, అక్టోబర్ 1 కల్లా తేల్చేస్తారు, సీటిస్తే చేరాల్సిందే. నువ్వు రెగ్యులర్‌లో వచ్చావంటే నాలుగైదు చోట్ల చూసుకుంటున్నావని వాళ్ళకి ముందే తెలుసు. ఏఏఎంసీ (అమెరికా మెడికల్ కాలేజీల సంఘం) వాళ్ళు కూడా చేతిలో ఉన్న సీట్లలో ఒకటి ఉంచుకుని మిగతావి వదిలెయ్యమనేది ఏప్రిల్ 30 కల్లానే. అక్టోబర్‌లో ఇంకా తేలలేదంటే అందులో తప్పేముంది?

సీటే_ముఖ్యం:
అక్కా మీరు చెప్పేది పుస్తకంలో బాగుంటుంది. "ఇంకా ఆలోచిస్తున్నా" అన్నవాడూ "కచ్చితంగా వస్తా" అన్నవాడూ మిగతా అన్నింట్లో సమానంగా ఉంటే కమిటీ ఎవరిని తీసుకుంటుంది? అది చెప్పండి ముందు.

ఎమ్4_అక్క:
మూడోవాడిని తీసుకుంటుంది 🙂 ఆ స్కూల్‌లో తను ఏం చెయ్యబోతున్నాడో చెప్పగలిగినవాడిని. ర్యాంక్ చెప్పక్కర్లేదు, అబద్ధమూ అక్కర్లేదు.

టెక్సాస్_నాన్న:
మా అమ్మాయికి పోయినేడు ఇదే ఎదురైంది కాబట్టి రాస్తున్నాను. ముందు టెక్సాస్ సంగతి వేరని గుర్తు పెట్టుకోండి, ఇక్కడ పబ్లిక్ స్కూల్స్‌లో కనీసం 90 శాతం సీట్లు స్టేట్ వాళ్ళకే, అప్లికేషన్ టీఎండీఎస్ఏఎస్ అనే టెక్సాస్ సొంత సర్వీస్ ద్వారా, ఫిబ్రవరిలో మ్యాచ్ ఉంటుంది, అంటే మన లిస్టూ స్కూల్స్ లిస్టూ కలిపి చూసి సీటు తేలుస్తారు, దానికి ప్రిఫరెన్స్ లిస్ట్ మనమే ఇస్తాం. ఎవరికేం చెప్పినా చివరికి ఆ లిస్టే లెక్క. కాబట్టి కనిపించినవాళ్ళందరికీ మీరే ఫస్ట్ అని చెప్పడంలో నాకు అర్థం కనపడలేదు, అమ్మాయికీ అదే చెప్పాను. మెడ్ స్కూల్ అయ్యాక ఆసుపత్రి ట్రైనింగ్ కోసం జరిగే రెసిడెన్సీ మ్యాచ్‌లో అయితే ఇంకెక్కడెక్కడ అప్లై చేశావని ప్రోగ్రామ్ వాళ్ళు అడగడమే రూల్స్‌కి విరుద్ధం. మెడ్ స్కూల్‌కి వచ్చేసరికి పిల్లలకి ఆ రక్షణ లేదు, అది నాకు చాలా బాధగా ఉంటుంది. ఇరవై రెండేళ్ళ పిల్లని అలా ఇరుకున పెట్టడం ఏం న్యాయం?

ప్రీమెడ్_చిన్నోడు:
థాంక్యూ అంకుల్. అక్కా, ఇలా చెప్తే ఓకేనా చూడండి: "మా స్టేట్ స్కూల్‌లో ఫీజు తక్కువ, అది నాకు ముఖ్యమే. కానీ ఇక్కడ ఫస్ట్ ఇయర్ నుంచే స్టూడెంట్స్ ఫ్రీ క్లినిక్‌లో పేషెంట్లతో పని చేస్తారు, నేను కాలేజీలో ఉండగా ఈఆర్‌లో (ఎమర్జెన్సీ వార్డులో) స్పానిష్ ఇంటర్‌ప్రెటర్‌గా చేశాను, మెడ్ స్కూల్‌లో మొదటి రెండేళ్ళు ఆ పని ఆపేసి మళ్ళీ మొదలుపెట్టాలని లేదు. మీరు నాకు సీటిస్తే చాలా సీరియస్‌గా ఆలోచిస్తాను."

ఎమ్4_అక్క:
ఇంటర్‌ప్రెటర్ మాట బంగారం, దాంతోనే మొదలెట్టు. ఫీజు మాట నువ్వు ఎత్తకు, వాళ్ళడిగితే మాత్రం దాచకు. చివరి లైన్ తీసెయ్, "సీరియస్‌గా ఆలోచిస్తాను" అంటే రానేమో అన్నట్టే వినిపిస్తుంది. "ఇక్కడ చదివితే నేను సంతోషంగా ఉంటాను" అను, అది నిజమే కదా. ఇంకెక్కడ అప్లై చేశావంటే పేర్లన్నీ అప్పజెప్పక్కర్లేదు, "మా స్టేట్‌లోవీ, కమ్యూనిటీ క్లినిక్‌లు బలంగా ఉన్నవీ చూసుకున్నా" అంటే చాలు. ఎంఎంఐ (ఒక్కొక్కరి దగ్గర కొన్ని నిమిషాల చొప్పున వరసగా జరిగే చిన్న ఇంటర్వ్యూలు) అయితే ఇంత భయం కూడా అక్కర్లేదు, ఇలాంటివి ఎక్కువగా వచ్చేది ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే మామూలు ఇంటర్వ్యూల్లోనే.

సీటే_ముఖ్యం:
ఆన్సర్ బాగుంది, కాదనను. కానీ ఆయన అక్కడితో ఆగకుండా "అవునా కాదా, ఒక్క మాటలో చెప్పు" అంటే? నేనైతే అవుననే అంటా.

ఎమ్4_అక్క:
"నా మొదటి రెండు మూడింట్లో మీరున్నారు, ఏప్రిల్ లోపు తేల్చుకుంటాను" అనాలి, అదీ నిజమైతేనే. "అవును" అనేది ఒక్క స్కూల్ కోసం దాచుకో తమ్ముడూ. వెయిట్‌లిస్ట్‌లో పడితే లెటర్ ఆఫ్ ఇంటెంట్ రాయాల్సి వస్తుంది, సీటిస్తే కచ్చితంగా చేరతానని, అది ఒక్కచోటికే రాయాలి.

సీటే_ముఖ్యం:
లెటర్ ఒక్కచోటికే, అందులో మాత్రం మీతో గొడవ లేదు. నోటి మాట దగ్గర నాది ఇప్పటికీ వేరే అభిప్రాయమే.