ఎలెవన్ ప్లస్ (ఇంగ్లండ్‌లో గ్రామర్ స్కూల్ ప్రవేశ పరీక్ష) వెర్బల్ రీజనింగ్: పాపకు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (స్లౌ నుంచి ఒక అమ్మ):
నమస్తే అండీ. మా పాప ఇయర్ ఫైవ్ (తొమ్మిది, పదేళ్ల పిల్లల క్లాసు). వచ్చే సెప్టెంబర్‌లో గ్రామర్ స్కూల్ (పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే ప్రభుత్వ హైస్కూల్) పరీక్ష రాయిద్దామనుకుంటున్నాం. లెక్కల బెంగ లేదు, వాళ్ల నాన్న చూసుకుంటారు. వెర్బల్ రీజనింగ్, అంటే మాటలు, అక్షరాలు, కోడ్‌లతో బుర్రకు పదును పెట్టే ప్రశ్నలు, వాటి దగ్గరే నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. మేమిద్దరం నరసరావుపేటలో చదువుకున్నవాళ్లం, మా బడిలో ఇలాంటి సబ్జెక్టే లేదు. మొన్న 50 నిమిషాలు టైమ్ పెట్టి ఒక పాత నమూనా పేపర్ ఇస్తే 80కి 41 వచ్చాయి. ఏడుస్తూ పడుకుంది. ట్యూషన్ చెప్పేవాళ్లేమో ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్‌లోనే మాట్లాడమంటున్నారు. నిజంగా మానేయాలా? రోజుకు ఎన్ని పేపర్లు చేయించాలి?

జవాబు (కెంట్‌లో ఉండే ఒక నాన్న):
ఇప్పుడప్పుడే పేపర్లు వద్దమ్మా. ఆ 41 వచ్చిన పేపరే మళ్లీ తీసి, తప్పులన్నీ రెండు కుప్పలు పెట్టండి. మాటల అర్థాలు తెలియక పోయినవి ఒకటి, కోడ్‌లు, అక్షరాల వరుసలు, అంకెల దగ్గర పోయినవి ఇంకొకటి. ఈ పరీక్ష పేపర్లు తయారుచేసే జీఎల్ కంపెనీ పాత పద్ధతిలో వెర్బల్ రీజనింగ్‌కు 21 రకాల ప్రశ్నలు ఉండేవి. ఇప్పుడు అన్ని చోట్లా అన్నీ రావు గానీ పుస్తకాలు ఇంకా ఆ లెక్కనే నడుస్తున్నాయి. అందులో రెండో కుప్ప నాలుగైదు వారాల పని. మొదటి కుప్పకే నెలలు పడతాయి.

కోడ్‌లకు మా వాడికి నేర్పిన చిట్కా ఒకటి చెప్తాను. ఈ, జె, ఓ, టి, వై (E, J, O, T, Y). ఈ అయిదూ వరుసగా 5, 10, 15, 20, 25వ అక్షరాలు. ఇవి నోటికి వస్తే ఎస్ ఎన్నోదని ఏ నుంచి లెక్కపెట్టక్కర్లేదు, టి 20 కాబట్టి ఎస్ 19. అద్దంలో తిప్పినట్టు ఏ బదులు జెడ్, బి బదులు వై పెట్టే కోడ్ వస్తే రెండు అక్షరాల అంకెలూ కలిపి ఎప్పుడూ 27. ఎస్ 19 కదా, 27లోంచి తీసేస్తే 8, అంటే హెచ్. వాడు బస్సుల నంబర్ ప్లేట్లు చూస్తూ దీన్ని ఆటలా ఆడేవాడు. (ఇంట్లో అందరికీ తలనొప్పి వచ్చేది, అది వేరే సంగతి.)

రెండు చిన్న మాటలు కలిపి ఒక పెద్ద మాట చేసే ప్రశ్నల దగ్గర మాత్రం మన పిల్లలు చెవిని నమ్మి పొరపాటు పడతారు. మనం రాసినట్టే చదివే భాషవాళ్లం కదా. ఫ్యాట్ (fat) పక్కన హర్ (her) పెడితే ఫాదర్ (father) అవుతుంది, నౌ (now) పక్కన హియర్ (here) పెడితే నోవేర్ (nowhere) అవుతుంది. పైకి చదివితే ఏదీ తగలదు. నోరు మూసుకుని కళ్లతో చూడాలి. మా వాడు కలపాల్సిన రెండు మాటలనూ ఖాళీ లేకుండా చిత్తుకాగితం మీద రాసి చూసేవాడు.

జవాబు (రెడింగ్‌లో ఉండే ఒక అక్క):
తెలుగు మానేయకు చెల్లీ! మా అమ్మాయికి ఫ్రూగల్, స్టింజీ రెండూ ఒకటే అనిపించేవి. దగ్గరి అర్థం అడిగే ప్రశ్నల్లో అక్కడే మార్కు పోయేది. ఒకటి పొదుపరి, ఇంకొకటి పిసినారి అని చెప్పా. వాళ్ల ఇద్దరు తాతయ్యలూ గుర్తొచ్చి నవ్వింది, మళ్లీ మర్చిపోలేదు. కొత్త మాట వస్తే తెలుగులో చెప్పమని అడుగు. చెప్పగలిగిందంటే దానికి అర్థమైనట్టే.

అయితే ఇక్కడి ఇళ్లలో మాత్రమే వినపడే మాటలు కొన్ని మన ఇళ్లలో వినపడవు. ఒక ప్రశ్నలో ఒక పక్క పెబుల్ (గులకరాయి), రాక్, ఇంకో పక్క ఔన్స్, పౌండ్ ఇచ్చి రెండింటికీ సరిపోయే ఒకే మాట చెప్పమన్నారు. జవాబు స్టోన్. మా అమ్మాయికి స్టోన్ అంటే రాయి అని తెలుసు గానీ, ఇక్కడివాళ్లు ఒంటి బరువును స్టోన్‌లలో చెప్పుకుంటారని, ఒక స్టోన్ అంటే 14 పౌండ్లని ఎక్కడ తెలుస్తుంది? మనింట్లో కిలోలే కదా. ఇలాంటివి జాబితాలు బట్టీ పడితే రావు. లైబ్రరీ నుంచి కథలు తెచ్చి రోజూ అరగంట నువ్వూ పక్కన కూర్చుని చదివించు. తెలియని మాటలు రోజుకు అయిదు, నోట్‌బుక్‌లో సొంత వాక్యంతో రాయాలి. అయిదు చాలు.

ప్రశ్న అడిగిన అమ్మ:
థాంక్యూ అక్కా, అన్నయ్యా. పొదుపరి, పిసినారి అంటే మా పాప కూడా పగలబడి నవ్వింది. టైమ్ సంగతి ఏంటి? చివరి 20 ప్రశ్నలు ముట్టుకోనే లేదు.

జవాబు (కెంట్ నాన్న):
50 నిమిషాల్లో 80 అంటే ఒక్కోదానికి 37 సెకన్లు. పెద్దవాళ్లకే కష్టం. ఈస్టర్ దాకా టైమ్ పెట్టకండి. రోజుకు ఒకే రకం ప్రశ్నలు, 15 నిమిషాలు, అంతే. ఈస్టర్ తర్వాత వారానికి ఒక పూర్తి పేపర్. జీఎల్ వాళ్ల సైట్‌లో ఉచిత నమూనా పేపర్లు ఉంటాయి, వాటిని ముందే ఖర్చు చేసుకోకుండా జూలైకి దాచుకోండి.

రాని ప్రశ్న దగ్గర ఆగకుండా ముందుకు పోవాలి. కానీ ఇక్కడ మా వాడు ఒక మాక్‌లో (అసలు పరీక్షలా పెట్టే నమూనా పరీక్షలో) మునిగాడు. 23 వదిలేసి, 24 జవాబును జవాబుల షీట్‌లో 23 గడిలో గీశాడు. అక్కడి నుంచి చివరిదాకా అన్నీ ఒక వరుస పైకి జరిగాయి. తెలిసినవి కూడా తప్పు. అప్పటి నుంచి ప్రతి అయిదు ప్రశ్నలకు ఒకసారి నంబర్ సరిచూసుకోవడం అలవాటు చేశాం. తప్పుకు మార్కులు కోయరు కాబట్టి చివరి నిమిషంలో ఖాళీ గడులన్నీ ఏదో ఒకటి గీసేయమనండి.

ప్రశ్న అడిగిన అమ్మ:
జూలైలో పుట్టింది, క్లాసులో అందరికన్నా చిన్నది. నష్టమా?

జవాబు (రెడింగ్ అక్క):
వయసును లెక్కలోకి తీసుకునే స్కోర్ ఇస్తారు, దాని గురించి టెన్షన్ పడకు. మీ స్లౌలో ఆ స్కోర్ 111 వస్తే అర్హత, పక్కన బకింగ్‌హామ్‌షైర్‌లో 121. అర్హత వచ్చినంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు, స్కూల్ స్కూల్‌కూ అడ్మిషన్ నియమాలు వేరు, అవి ఇప్పుడే చదువుకో. పరీక్షకు రిజిస్ట్రేషన్ వేరు, స్కూల్ సీటు కోసం కౌన్సిల్‌కు పెట్టే దరఖాస్తు వేరు. రిజిస్ట్రేషన్ ఎక్కువ చోట్ల వేసవిలోనే ముగిసిపోతుంది. దరఖాస్తుకు గడువు అక్టోబర్ 31. మా పక్కింటివాళ్లు ఒకటి చేసి రెండూ అయిపోయాయనుకున్నారు.