సైకిల్ మీద బ్రైడిల్‌వే (గుర్రాలు తిరిగే బాట) గుంతలకి చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, మీరెలా తట్టుకుంటున్నారు?

రెడింగ్_రాజు:
అందరికీ నమస్కారం. నాది ముందు చక్రానికి మాత్రమే సస్పెన్షన్ ఉన్న సైకిలు, 2.25 అంగుళాల టైర్లు. ఇక్కడ ఇంగ్లండ్‌లో స్ట్రీట్లీ ఊరి నుంచి రిడ్జ్‌వే అనే కొండబాట ఎక్కి, తిరిగొచ్చేటప్పుడు పొలాల మధ్య బ్రైడిల్‌వేలు పట్టుకుంటాను. చలికాలమంతా గుర్రాలు తొక్కిన బురద ఇప్పుడు ఇటుకలా ఎండిపోయింది. గిట్ట పడిన ప్రతిచోటా ఓ గుంత. అరగంటకే ఉంగరం వేలు, చిటికెన వేలు మొద్దుబారిపోతున్నాయి, నడుము పట్టేస్తోంది. ఫుల్ సస్పెన్షన్ (రెండు చక్రాలకీ ఉన్న) బండి కొంటే తప్ప లాభం లేదా?

కోనసీమ_చక్రం:
కొనే ముందు రెండు ప్రశ్నలు. మీ బరువెంత? టైర్లలో గాలెంత?

రెడింగ్_రాజు:
76 కిలోలు. రెండింట్లోనూ 40 పీఎస్‌ఐ. లోపల ట్యూబులున్నాయి.

కోనసీమ_చక్రం:
అదే మీ చేతుల్ని కొడుతోంది బ్రదర్. తారు రోడ్డుకైతే 40 బాగుంటుంది. ట్యూబులతోనే ముందు 27, వెనక 30కి దించి చూడండి. ఇంకా తగ్గిస్తే చక్రం అంచు రాయికి తగిలి ట్యూబుకి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, పాము కాటేసినట్టు. నేను ట్యూబ్‌లెస్‌కి మారి ముందు 21, వెనక 24 పెడుతున్నా, నా బరువు 72. అక్కడి సుద్దనేలలో ఫ్లింట్ (చెకుముకి) రాళ్లు కత్తుల్లా ఉంటాయి, టైరు పక్కగోడ పలుచగా ఉంటే కోసేస్తాయి. డబ్బు పెట్టాలనుకుంటే ముందు మంచి టైర్ల మీద పెట్టండి.

మా ఊళ్లో గేదెలు తొక్కిన మడిగట్టు వేసవికి ఎండితే సరిగ్గా ఇలాగే ఉండేది. అట్లాస్ సైకిల్ మీద ఎవరమూ కూర్చుని దాటేవాళ్లం కాదు, పెడళ్ల మీద లేచేవాళ్లం. ఇక్కడా అంతే. పెడళ్లు రెండూ నేలకి సమంగా పెట్టి, సీటు నుంచి రెండంగుళాలు లేవండి. మడమలు కిందికి, మోచేతులు బయటికి వంచి. బండి కింద ఎగురుతుంటే ఎగరనివ్వండి, మీరు దాన్ని గట్టిగా పట్టుకున్న కొద్దీ దెబ్బ మీకే. చూపు ముందు చక్రం మీద కాకుండా పది గజాల అవతల ఉండాలి.

బ్రైటన్_లక్ష్మి:
రాజు గారూ, ఆ రెండు వేళ్లే అంటే అరచేతి అంచున చిటికెన వేలి కింద నరం నలుగుతోందన్నమాట. నాకూ అలాగే ఉండేది. బ్రేక్ లివర్లు మరీ పైకి ఉంటే మణికట్టు వెనక్కి విరుగుతుంది. ముంజేయి, వేళ్లు ఒకే గీతలో ఉండేలా లివర్లు తిప్పుకోండి, బ్రేక్ మీద ఒక్క వేలు చాలు. అరచేతి కింద వెడల్పుగా ఉండే గ్రిప్పులు వేశాక నాకు చాలా తేడా తెలిసింది. ఇన్ని చేశాక కూడా తిమ్మిరి పోకపోతే డాక్టరుకి చూపించండి, నాన్చకండి.

గుర్రం ఎదురైతే మాత్రం గుంతల సంగతి మర్చిపోయి ఆగిపోండి. వెనక నుంచి వెళ్తుంటే దూరం నుంచే గొంతెత్తి పలకరించండి. గంట కంటే మనిషి గొంతుకే గుర్రం కుదుటపడుతుంది. మనల్ని బ్రైడిల్‌వేల మీదకి రానిచ్చింది 1968 నాటి కంట్రీసైడ్ చట్టం. నడిచేవాళ్లకీ గుర్రాలకీ దారివ్వాలన్న షరతు అందులోనే ఉంది. సైకిళ్లకి అనువుగా బాట చేయాల్సిన బాధ్యత ఎవరికీ లేదనీ ఉంది. కాబట్టి ఆ గుంతల గురించి కౌన్సిల్ మీద కోపం పెట్టుకోకండి.

షెఫీల్డ్_శీను:
ఇక్కడ పీక్ డిస్ట్రిక్ట్‌లో గిట్టల గుంతల బదులు బండరాళ్లు. జేకబ్స్ లాడర్ అనే రాళ్ల బాట దిగేటప్పుడు నేర్చుకున్నదొక్కటే చెప్తా. మరీ నెమ్మదిగా వెళ్తే చక్రం ప్రతి గుంతలోనూ దిగబడుతుంది. కాస్త బరువైన గేరులో, కొంచెం వేగం ఉంచుకుంటే పైపైన దాటేస్తుంది. ఎదురుగా ఎవరూ లేరని కనబడినప్పుడే సుమా.

రాజన్నా, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ కాళ్లు) సరిచూశారా? దాని కాలికి రబ్బరు రింగు ఉంటే కిందికి తోసి, మెల్లగా బండెక్కి పెడళ్ల మీద నిలబడి, మెల్లగా దిగండి. 100 మిల్లీమీటర్లు దిగే ఫోర్కయితే రింగు 20-25 మిల్లీమీటర్లు పైకి జరిగి ఉండాలి. పైన మీట లాక్ వైపు (ఫోర్కు కదలకుండా బిగించే వైపు) తిరిగి ఉందేమో కూడా చూడండి.

రెడింగ్_రాజు:
శీను గారూ, మీట లాక్‌లోనే ఉంది. మార్చిలో సర్వీసుకి ఇచ్చి తెచ్చుకున్నప్పటి నుంచీ నేను చూసుకోలేదు. విప్పాక రింగు 12 దగ్గర ఆగింది. ఫోర్కులో గాలి తగ్గించుకుంటూ వచ్చి 22కి తెచ్చాను. టైర్లు 27, 30.

నిన్న అదే బాట. మొక్కజొన్న చేను పక్క గేటు దగ్గర ఇదివరకు దిగి నడిచేవాణ్ణి, నిన్న పెడళ్ల మీద నిలబడి దాటేశాను. నడుము నొప్పి లేదు. గంటన్నర తర్వాత చిటికెన వేలు కొంచెం మొద్దుబారింది, ఉంగరం వేలు బాగుంది. లక్ష్మి గారూ, లివర్లు ఇంకా తిప్పలేదు, అది ఈ సాయంత్రం పని. తొడలు మాత్రం మండుతున్నాయి, అంతసేపు నిలబడటం అలవాటు లేదు.

కోనసీమ_చక్రం:
తొడలకి నాలుగు వారాలు పడుతుంది. గుంతలు లేనిచోట కూర్చుని ఊపిరి తీసుకోండి. ఆదివారం ఉదయం నేనూ గోరింగ్ స్టేషన్‌కి వస్తా, పంపు తెస్తాను.